ఒకసారి ఒక్కటే మార్చాలి

అల్లం టీ కూడా ఫెయిలైంది.

బాత్‌రూమ్‌లో సుమశ్రీ వాంతి చేసుకుంటున్న చప్పుడు వింటూనే కేదార్ లాప్‌టాప్ తెరిచాడు. "అల్లం టీ, సోమవారం, ఉదయం ఆరున్నర" అన్న వరసకి ఎదురుగా ఎర్రరంగు నింపాడు. పై మూడు వరసలూ ఎర్రగానే ఉన్నాయి.

కేదార్ అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్పే మాస్టారు. తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎలాగో పదకొండేళ్లుగా చెబుతున్నాడు. "ఒకసారి ఒక్కటే మార్చాలి. మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టు ఉంచాలి. అప్పుడే తప్పు దొరుకుతుంది." ఈ మాట చెప్పేటప్పుడు, ఆ సూత్రం తనే కనిపెట్టినట్టు అతని గొంతు కాస్త బరువెక్కుతుంది.

సుమశ్రీకి మూడో నెల. పెళ్లయిన ఆరేళ్లకి నిలిచిన కడుపు. ఎర్రమంజిల్‌లో చూపించుకుంటున్న డాక్టరమ్మ మొన్న శనివారం గట్టిగానే చెప్పింది.

"ఇప్పటికే మూడు కిలోలు తగ్గింది. వచ్చే శనివారం మళ్లీ బరువు చూస్తాను. ఇంకో కిలో తగ్గితే అడ్మిట్ చేసి సెలైన్ పెట్టాల్సిందే. మాత్రలు వేస్తూ, కొంచెం కొంచెంగా తినిపించండి. ఘాటైన వాసనలు దగ్గరికి రానివ్వకండి."

కేదార్‌కి భయం వేసింది. భయం వేస్తే ఎవరైనా దేవుడికి దణ్ణం పెట్టుకుంటారు. అతను ఎక్సెల్ షీటు తెరుస్తాడు.

ముందు వాసనల పని పట్టాడు. అగరబత్తులన్నీ వాచ్‌మన్‌కి ఇచ్చేశాడు. ఫినాయిల్ మాన్పించాడు. ఇంగువ పోపు బందు. చేపలు వేయించొద్దని ఎదురు ఫ్లాటు వాళ్లని బతిమాలబోయి నాలుగు మాటలు పడ్డాడు.

"ఇంకా ఏ వాసన పడట్లేదు సుమా? చెప్పు, దాని అంతు చూస్తాను" అన్నాడు మంచం మీదికి వంగి.

సుమశ్రీ అతన్ని ఒక్క క్షణం చూసింది. తల కిటికీ వైపు తిప్పుకుంది.

"ఏం లేదండీ. మీరు క్లాసుకి వెళ్లండి."

ఈ స్థితిలో కూడా నా క్లాసు గురించే ఆలోచిస్తోందే అని కేదార్ కళ్లు చెమర్చాయి.

కింది ఫ్లాటు కుల్సుం ఆంటీ నలుగురు పిల్లల తల్లి. మెట్ల దగ్గర అతన్ని ఆపింది.

"ఏం ఫికర్ చెయ్యకు భాయ్. పొద్దుగాల మంచం దిగకముందే రస్కు తినిపియ్యి. దానితోని కాకపోతే నిమ్మకాయ కోసి వాసన సూపియ్యి. నాకు గట్లనే తగ్గింది. జర నువ్వు సుత తిను, మస్తు చిక్కినవ్."

చిక్కింది తను కాదు, తన జుట్టు అని కేదార్‌కి తెలుసు. ముప్ఫై ఆరేళ్లకే నడినెత్తి బయటపడుతోంది. తెనాలి నుంచి వాళ్లమ్మ జానకీదేవి గుంటగలగరాకు, ఉల్లిపాయలు వేసి కాచి పంపే నూనెతో రోజూ పొద్దున్నే నెత్తిని బతిమాలుకుంటాడు. బాగా పనిచేస్తోంది కదా అని అడిగితే సుమశ్రీ, "అత్తయ్యగారు అంత కష్టపడి కాచారు కదండీ" అంటుంది. అది మెచ్చుకోలని కేదార్ అనుకుంటాడు.

మంగళవారం పొద్దున రస్కు ఫెయిలు.

ఆ మధ్యాహ్నమే అతను విజయవాడ వెళ్లాలి. ఒక కాలేజీలో రెండు రోజుల క్లాసు, ముందే ఒప్పుకున్నది. బట్టలు, లాప్‌టాప్, నూనెసీసా సర్దుకున్నాడు. దిండు పక్కన నిమ్మచెక్కలు పెట్టి, సుమశ్రీని కుల్సుం ఆంటీకి అప్పజెప్పి బయల్దేరాడు.

బుధవారం ఫోన్ చేస్తే సుమశ్రీ ఇడ్లీ తింటోంది. గురువారం పెరుగన్నం, అదీ రెండుసార్లు. ఒక్క వాంతి లేదు.

కేదార్ హోటల్ గదిలో గంతేశాడు. షీటులో మొదటిసారి ఆకుపచ్చ రంగు! ఊరికే ఉండలేక స్టూడెంట్ల గ్రూపులో కూడా పెట్టాడు: "వేవిళ్లకి నిమ్మకాయ. నేను స్వయంగా పరీక్షించి తేల్చిన సత్యం." నలభై రెండు లైకులొచ్చాయి. పెట్టినవాళ్లలో చాలామంది పెళ్లికాని మగపిల్లలు.

గురువారం రాత్రి పంజగుట్టలో బస్సు దిగుతూనే రెండు డజన్ల నిమ్మకాయలు కొన్నాడు.

శుక్రవారం తెల్లవారగానే తలకి నూనె రాసుకుని, తన చేత్తోనే నిమ్మకాయ కోసి సుమశ్రీ పక్కన కూర్చున్నాడు. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బాత్‌రూమ్‌కి పరిగెత్తింది.

నిమ్మకాయలవాడు మోసం చేశాడనుకున్నాడు కేదార్. వేరే కొట్లో తెచ్చాడు. మధ్యాహ్నానికి ఆమెకి మంచినీళ్లు కూడా నిలవలేదు. తెల్లారితే శనివారం. ఆమె గాజులు మోచేతి దాకా జారిపోతుంటే చూసి అతనికి ఏడుపొచ్చింది. బాల్కనీలోకి వెళ్లి తల్లికి ఫోన్ చేశాడు.

"అన్నీ చేశానమ్మా. ఒకసారి ఒక్కటే మార్చి చూశాను. మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచాను. పక్కనే కూర్చుని, తన తల నా భుజం మీద ఆనించుకుని మరీ తినిపిస్తున్నాను. అయినా తగ్గట్లేదు. ఈ దిగులుకి ఉన్న నాలుగు వెంట్రుకలూ ఊడిపోతున్నాయి. ఆ నూనె ఇంకో సీసా పంపమ్మా."



"ఆ నూనె రాసుకుని దాని పక్కన కూర్చుంటున్నావట్రా?"

"రోజూ. ఒక్కపూట మానలేదు."

"ఒరేయ్ తెలివితక్కువ వెధవా, నువ్వు కడుపులో ఉన్నప్పుడు ఆ నూనె వాసనకే నాకు వాంతులవుతుంటే, మీ నాన్నని మూడు నెలలు వీధి అరుగు మీద పడుకోబెట్టాన్రా!"