చీకట్ల నమిలిన చప్పుడు

"ఇగో తమ్మీ, రొట్టె పట్టు."

చీకట్ల ఒక చెయ్యి తడుముకుంట వచ్చి గిడియోన్ చేతిల జొన్నరొట్టె ముక్క పెట్టింది.

పైనుంచి బండ కూలి ఇద్దరూ గని లోపల చిక్కుకున్నరు. ముందుకు దారి లేదు, వెనకకు దారి లేదు. అవసరానికి ఉంటయని టోపీ లైట్లు ఆర్పేసిండ్రు. గట్టిగ ఊపిరి తీసుకోవాలన్నా భయమే.

గిడియోన్ డ్యూటీకి కొత్త. పక్కనున్న ఆగయ్య వేరే గని నుంచి బదిలీ మీద వచ్చినోడు. నిన్నటిదాక ఒకరి మొకం ఒకరు ఎరగరు. గిడియోన్ సద్ది బండల కిందనే పోయింది, మిగిలింది ఆగయ్య సద్ది డబ్బా ఒక్కటే.

"గింతేనా కాకా?"

"మెల్లగ తిను. వాళ్లు ఎప్పుడొస్తరో ఏమో."

ఆ వెంటనే పక్కన కటకట చప్పుడు. నములుతనే ఉన్నడు మనిషి!

గిడియోన్‌కు ఒళ్లు మండింది. నాకు చిటికెడు, తనకు డబ్బా నిండనా?

ఎంతసేపయిందో తెల్వదు. ఇంకో ముక్క వచ్చింది. మళ్ల కటకట.

"మంచిగున్నది కాకా నీ పంపకం!"

ఆగయ్య నవ్విండు. "ఏం జెయ్యాలెరా, నా పండ్లు ఊకుంటలేవు."

"మస్తు మనిషివి తియ్యి," అని గిడియోన్ అటు మళ్లి పండుకున్నడు.

కొంతసేపటికి చప్పుడు ఆగింది. అంతా అయిపోగొట్టిండు, పీడ పోయింది అనుకున్నడు.

బండలు తీసి మనుషులు లోపలికొచ్చేసరికి గిడియోన్ తన కాళ్ల మీద తాను నడిచి ఎదురుపోయిండు. ఆగయ్యను మోసుకొచ్చిండ్రు. అప్పటికే పాణం లేదు.

దవాఖానల డాక్టరు ఆగయ్య నోట్లెకెల్లి నలిగిన చింతగింజలు తీసిండు. గని కింద బీడీ కాల్చనియ్యరు, అందుకని వేయించిన చింతగింజలు జేబుల ఏసుకొని దిగెటోళ్లు ఉంటరు.

గిడియోన్ చదివింది కెమిస్ట్రీ. ఈ కొలువు రాకముందు ట్యూషన్లల్ల ఆ పాఠం తనే చెప్పిండు. జొన్నల ఉండేదీ చక్కెర గొలుసే, చింతగింజల ఉండేదీ చక్కెర గొలుసే. జొన్న గొలుసును కడుపు విప్పి నెత్తురుకు ఇస్తది. చింతగింజ గొలుసు తీరే వేరు. దాని లంకెల ముడి వేరు, పక్కలకు కొమ్మలు సుత ఉంటయి. మనిషి కడుపు దాన్ని విప్పలేదు. ఎంత నమిలినా నెత్తురుకు చక్కెర అందదు.

అంటే ఆగయ్య నమిలింది చింతగింజలే, రొట్టె మొత్తం తిన్నది గిడియోనే. గిడియోన్‌కు సిగ్గుతోని తల లేవలేదు.

అప్పుడే ఆగయ్య భార్య లింగవ్వ ఉరికొచ్చి అతని రెండు చేతులు పట్టుకున్నది.

"బిడ్డా, ఆయనకు షుగరు. గోలీ ఏసుకున్నంక తినకుంటే పాణం మీదికొస్తదని ఆయనకు ఎరుకే... నేను కట్టిచ్చిన రొట్టె తిన్నడా?"