గోడ మీది దేవుడు

“వచ్చాడండీ! ఇవాళ శంఖం!”

ఆమె పడుకున్నచోటి నుంచే చేతులు జోడించింది. పొద్దుటి ఎండలో ఎదుటి గోడ మీద శంఖం నీడ పడింది. నడుం ఆపరేషనయ్యాక ఆమెకు ఆ గోడే లోకం. కిటికీ తల వెనక ఎక్కడో ఉంది, అటు తిరగడానికి లేదు.

పక్కనే ఆమె మొగుడు పెట్టెలాయన జావ గిన్నె పట్టుకుని నిలబడ్డాడు. ట్రంకుపెట్టెలు చేసే కొట్టు వదిలేసి నెలన్నరగా ఈ మంచం చుట్టూనే తిరుగుతున్నాడు. ఒళ్లు తుడిచేది అతను, జడ వేసేది అతను. మెచ్చుకోళ్లు మాత్రం గోడకి. ఆ గోడంటే అతనికి అసూయ.

ఆమె అప్పుడే చెల్లెలికి ఫోన్ చేసేసింది.

“తిండి మానేసిన రోజున పద్మం కనిపించి తినిపించింది. చక్రాల కుర్చీ వచ్చిన రోజున చక్రం. నిన్న డాక్టరు ఊపిరికి మంచిదని బుడగలు ఊదమన్నాడా, ఇవాళ శంఖం! ఇదంతా ఊరికే జరుగుతుందంటావా? నన్నింతగా పట్టించుకునేవాళ్లు ఇంకెవరున్నారే!”

పెట్టెలాయనకి తల కొట్టేసినట్టయింది. ఫోన్ పెట్టేసేదాకా ఆగి అడిగేశాడు.

“ఇన్నేళ్ల కాపురంలో నన్ను చూసి ఒక్కసారైనా మొహం అలా వెలిగిందా?”

“చాల్లెండి, దేవుడితో వంతులేమిటి?” అని మళ్లీ గోడకేసి చూసింది. “శంఖం కాస్త ఒరిగినట్టుంది. పాపం, స్వామికి ఏం కష్టమొచ్చిందో!”

అతను పళ్లు నూరాడు. శంఖం అంత కాస్త ఒరగడం కనిపెట్టిన మనిషికి, నోటి దగ్గర చెంచా పట్టుకున్న అతని వేలి కట్టు కనపడలేదు.

“రేపు నిన్ను నిలబెడతారట. ఈసారీ మొండికేస్తే ఇక జన్మంతా మంచమేనన్నాడు డాక్టరు.”

“నావల్ల కాదు.”

“నాకోసమైనా లేవవే.”

“మీరు చెబితే నొప్పి తగ్గుతుందా? ఆ స్వామి చెబితే అప్పుడు చూద్దాం.”

“అవును మరి, నేనెవర్ని!”

గిన్నె ఠంగుమనేలా పెట్టి అతను విసురుగా బయటికి నడిచాడు. ఈలోగా ఎండ గోడ దిగిపోయింది. శంఖం మాయమైంది. ఆమె కళ్లు మూసుకుని రేపటి కోసం దణ్ణం పెట్టుకుంది.

పెట్టెలాయన పెరట్లో స్టూలెక్కి, ఆమె తల వెనక కిటికీ చువ్వలకున్న రేకు శంఖాన్ని విప్పేసి, కొత్తగా కత్తిరించిన రెండు పాదాలను ఈసారి ఒరగకుండా బిగించి కట్టాడు.