తనంతట తానే ఆగే మగ్గం

"తెంపవయ్యా, భయమెందుకు?" అన్నాడు గోనె మిల్లు ఫోర్మన్ గణపతిరావు.

జగన్నాధం తను నడిపే మగ్గం మీది పోగు తెంపాడు. మగ్గం ఠక్కున ఆగి, పైన ఎర్ర బల్బు వెలిగింది.

"ఇకనించి పోగు తెగితే అదే ఆగుతుంది. అన్ని మగ్గాలకీ బిగించేశాం."

"బాగున్నాది బాబూ! మునుపు గుడ్డ పాడైపోయినాక గానీ తెలిసీది కాదు."

పక్క మగ్గం నడిపే అప్పలసూరి జగన్నాధం చెల్లెలి మొగుడు. "ఇంక నాను టీకెల్తే నా మగ్గానికి నువ్వు కాపలా కాయక్కర్నేదు బావా!" అని నవ్వాడు.

"ఇప్పుడే గేటు బయటికెళ్లి తాగిరా," అన్నాడు ఫోర్మన్.

అప్పలసూరి వెళ్లాక రెండు మగ్గాలకీ చెరో పోగు తెగింది. జగన్నాధం ఇట్టే ముడేశాడు.

"రెండూ చూడటం కష్టంగా ఉందా?"

"ఏటి కష్టం బాబూ? ఇలాటివి నాలుగైనా సూసేస్తాను!"

ఫోర్మన్ తలూపి, వాచ్‌మన్‌ని పిలిచాడు. "అప్పలసూరిని ఇక గేటు లోపలికి రానివ్వకు."

జగన్నాధం అప్పలసూరి మగ్గం వైపు తిరిగాడు. రెండు మగ్గాలూ ఆడుతూనే ఉన్నాయి.

"అదిగో, మేకుకి అతని చొక్కా ఉంది," అన్నాడు ఫోర్మన్ మెల్లగా. "సాయంత్రం వెళ్తూ మీ చెల్లెలికిచ్చెయ్."