తాబేలు పేట నీళ్ళు

ఫోస్కా హోటల్లో కావాలనే నత్తల కూర తెప్పించుకుంది.

పళ్ళు కుట్టుకునే పుల్లతో ఒక్కో నత్తనీ గుల్లలోంచి బయటికి లాగి, కోడలి మొహంలోకి చూస్తూ చప్పరించింది.

కోడలు ఒర్నెల్లా పుట్టింది ఇటలీలో సియెనా ఊరి నత్త పేటలో. ఆ ఊళ్ళో పేటకో జంతువు గుర్తు. అత్తగారు ఫోస్కా, మొగుడు సాండ్రో పక్కనే ఉన్న తాబేలు పేట వాళ్ళు.

రెండు పేటలకీ తాతల నాటి పగ. ఏటా పేటల మధ్య గుర్రప్పందెం జరిగే రోజుల్లో మొగుడు తన పేటకి, పెళ్ళాం తన పేటకి పోతారు. పందెం అయ్యాక మళ్ళీ కాపురం.

"బావున్నాయా అత్తయ్యా?"

"మెత్తగానే ఉన్నాయి. జిగురెక్కువ. వాటి జాతే అంత."

"మా నాన్న పోయి ఏడాదన్నా కాలేదు. ఇవాళ్టికైనా నోరు కట్టుకోండి."

"పోయినాయన్ని నేనేమన్నానమ్మా? ఎన్ని పందేలు చూసినా మళ్ళీ గెలుపు చూడకుండానే పోయాడు పాపం, అన్నానా?"

సాండ్రో తలొంచుకుని రొట్టె తుంచుతున్నాడు. ఫ్లోరెన్స్ నుంచి ఒక్క రోజుకి వచ్చి, ఐదేళ్ళ లవీనియాకి పెద్ద చర్చిలో చారల స్తంభాలు చూపించి, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోదామన్నది అతనే. ఈ ఆదివారమే అని పట్టుబట్టిందీ అతనే.

పిల్ల ఏ పేటదో పిల్లే పెద్దయ్యాక చెప్పాలి. అది మొగుడూ పెళ్ళాల ఒప్పందం. చర్చిలో ఇచ్చే బాప్తిస్మం అందరికీ ఒకటే. పేట ఊట దగ్గర తల మీద నీళ్ళు పోసి, పిల్లని ఆ పేట మనిషిగా చేసుకునేది వేరు. అది పేట పండగ నాడే ఇస్తారు, మనిషికి ఒక్కసారే. చచ్చేదాకా మారదు.

అయినా ఒర్నెల్లా బ్యాగులో వాళ్ళ నాన్న మెళ్ళో కట్టుకునే నత్త రుమాలు ఉంది. పిల్లకి చూపించినంత మాత్రాన ఒప్పందం తప్పినట్టు కాదని తనకి తనే సర్దిచెప్పుకుంది.

"ఐస్‌క్రీం కొనిపెడతా, రావే బంగారూ," అంటూ ఫోస్కా పిల్ల చెయ్యి పట్టుకుని లేచింది.

తాబేలు పేట వైపు నుంచి డప్పులు వినిపించాయి.

ఒర్నెల్లా తల కూడా తిప్పలేదు. పొద్దున బస్సు దిగాక కూడా ఆ వీధి తొక్కకుండా ఎండలో చుట్టు తిరిగి వచ్చిన మనిషి. అక్కడ ఏం జెండాలు కట్టారో చూడలేదు. శత్రువుల పండగ ఎప్పుడో గుర్తుపెట్టుకోవడం కూడా ఆవిడకి నామోషీ.

కాఫీ చల్లారింది. సాండ్రో మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు.

తిరిగొచ్చిన పిల్ల జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. మెళ్ళో పసుపూ నీలం రుమాలు. మధ్యలో తాబేలు.

"అమ్మా, నాకు చప్పట్లు కొట్టారు!"

ఒర్నెల్లా లేచి నిలబడింది.

"ఎవర్నడిగి నీళ్ళు పోయించారు?"

"కన్నతండ్రి సరేనన్నాడు. నీకూ ఇష్టమేనని పేట పెద్దకి నేనే చెప్పాను," అంది ఫోస్కా, కుర్చీలో సర్దుకుని కూర్చుంటూ.

"సాండ్రో?"

అతను రొట్టె నలుసులన్నీ ఒక కుప్పగా చేరుస్తున్నాడు. "ఎప్పటికైనా ఏదో ఒక పేట ఉండాలిగా..."

"నీకు మాటా లేదు, సిగ్గూ లేదు."

"నీకుందా? నీ బ్యాగులో ఏముందో పొద్దున్నే చూశాను."

ఒర్నెల్లా బ్యాగు దగ్గరికి లాక్కుంది.

ఫోస్కా పుల్ల అందుకుంది. పళ్ళెంలో ఇంకా నత్తలు మిగిలాయి.

లవీనియా తుమ్మింది. మళ్ళీ తుమ్మింది.

తల తుడవడానికి బల్ల మీద కాగితాలు తప్ప ఏమీ లేవు. ఒర్నెల్లా బ్యాగు తెరిచి నాన్న రుమాలు తీసింది. పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని తల తుడిచింది. కుదుళ్ళు కందేలా తుడిచింది. ఒక్క చుక్క కూడా ఉండకూడదు.

"అబ్బా, నొప్పి!"

పిల్ల రుమాలు అంచు పట్టుకుని లాగింది. దాని మీది బొమ్మ చూసింది. ఇందాక ఎవరు నేర్పారో, రెండు వేళ్ళతో ముక్కు మూసుకుంది.

"ఛీ, నత్త! తీసెయ్యమ్మా!"

ఫోస్కా నవ్వలేదు. ఆ అవసరం లేకపోయింది.

ఒర్నెల్లా రుమాలు మడతపెట్టి, ఆ తడితోనే బ్యాగులో పెట్టుకుంది.