రాకూడని సాక్షి

"అమ్మా మేరీ, ఆ మనిషి మాత్రం రాకూడదు తల్లీ!"

పొద్దుటి నుంచి యూఫేమియా ఇదే వేడుకుంటోంది.

అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రంలోని ఓ చిన్న ఊరి కోర్టు వరండాలో ఒంటరిగా కూర్చుంది. లోపల కొడుకు అడెల్మో కేసు నడుస్తోంది. తనూ సాక్షే. ఒక సాక్షి చెప్పేది ఇంకో సాక్షి చెవిన పడకూడదని, పిలిచేదాకా బయటే ఉండమన్నారు.

ఆమె చెప్పాల్సింది ఒక్కటే ముక్క. మొక్కజొన్నలు పొట్టు ఊడేలా ఉడకబెట్టడానికి నీళ్లలో వేసే సున్నం తెమ్మన్నది తనే. కొడుకు ట్రక్కులో పోలీసులకు దొరికింది ఆ సున్నం పొట్లమే. అది మత్తుమందని లాబు రిపోర్టు వచ్చింది. నేరం రుజువైతే తొమ్మిదేళ్లు జైలు.

"పరీక్ష చేసిన మనిషే వచ్చి మన ప్రశ్నలకు జవాబు చెప్పాలి. రాకపోతే ఆ రిపోర్టు చిత్తుకాగితం" అని అడెల్మో తరఫు లాయరమ్మ పోయిన వారం చెప్పింది. యూఫేమియా ఆ మాటనే పట్టుకుని వేలాడుతోంది.

ఆకుపచ్చ కోటు వేసుకున్న ఒకావిడ రొప్పుతూ వచ్చి పక్కన కూలబడింది. ముఖం జ్వరంతో కందిపోయి ఉంది.

"ఏమైనా తిన్నావా తల్లీ?"

"లేదండీ. తినకుండానే బస్సెక్కాను."

యూఫేమియా సంచిలోంచి మొక్కజొన్న పిండితో చేసిన టమాలే తీసి చేతిలో పెట్టింది. "చల్లారిపోయిందిలే. కారం మాత్రం బాగానే పట్టింది, తిను."

ఆవిడ ఆబగా తింది. కారానికి కళ్లలో నీళ్లు తిరిగితే నవ్వేసింది.

"అడెల్మో కేసు ఈ గదిలోనేనా అండీ?"

"దాంతో నీకేం పని?"

"నేను లాబులో పనిచేసేదాన్ని. ఆ పొడి పరీక్ష చేసింది నేనే."

యూఫేమియాకు ఒళ్లు మండిపోయింది. కొడుకు గొంతు కోసిన మనిషికి చేతులారా తిండి పెట్టింది!

"వాయిదా పడింది" అనేసింది.

"ఈరోజే రమ్మన్నారే!"

"రమ్మన్నవాళ్లకే తెలీదేమో. జడ్జిగారికి ఒంట్లో బాగాలేదట. వచ్చే నెలకి వేశారు."

"లోపల ఓసారి అడుగుతాను."

"అడుగు, అడుగు. పోలీసాయన కసురుకుంటే నన్ననకు. ఆ జ్వరంతో ఎందుకమ్మా ఈ అవస్థ? తిరుగు బస్సు వెళ్లిపోతుంది, ఇంటికి పోయి పడుకో."

ఆవిడ తలుపు వంక చూసింది. దగ్గు తెర ముంచుకొచ్చింది.

"మంచిదండీ. మీరు చెప్పకపోతే సాయంత్రం దాకా కూర్చునేదాన్ని."

వెళ్లిపోయింది. యూఫేమియా గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

లాయరమ్మ రెండుసార్లు బయటికొచ్చి వరండా అంతా కలయజూసి వెళ్లింది. 'ఆ మనిషి వస్తుందేమోనని ఈవిడకీ భయమే పాపం' అనుకుంది యూఫేమియా.

మధ్యాహ్నం ఆమెను పిలిచారు. సున్నం సంగతి చెప్పింది. "తల్లి కదా, ఇంకేం చెబుతుంది?" అన్నాడు అవతలి లాయరు.

సాయంత్రానికి తీర్పు వచ్చింది. నేరస్తుడే.

అడెల్మోకు బేడీలు వేస్తుంటే ఆమె లాయరమ్మ చెయ్యి పట్టుకుని గుంజింది. "ఇదెక్కడి న్యాయం? పరీక్ష చేసిన మనిషి రాలేదుగా! రాకపోతే చెల్లదన్నారుగా!"

"అన్నాను. కానీ లాబు పెద్దాయన వచ్చి రిపోర్టు మీద సంతకం తనదేనన్నాడు. పరీక్ష తను చేయకపోయినా ఆయన సాక్ష్యం చెప్పొచ్చని జడ్జి ఒప్పుకున్నారు. అప్పీలు చేస్తాను. దానికి ఏళ్లు పడుతుంది."

"ఆవిడ రాకపోయినా నా బిడ్డ పోయాడా?"

"ఆవిడ రాలేదనే పోయాడమ్మా. నిన్న సాయంత్రం తనే ఫోన్ చేసింది. ఊరు చెప్పలేదు, పేరు చెప్పలేదు, కోర్టులోనే చెబుతానంది. మీరు సాక్షి కదా, మీకు చెప్పకూడదని చెప్పలేదు."

"ఏం చెబుతానంది?"

లాయరమ్మ కాగితాలు సర్దుకుంటూ అంది. "అది వట్టి సున్నమేనని తేల్చి, పెద్దాయన మత్తుమందని రాయమంటే రాయనని ఉద్యోగం వదిలేసుకుందట, మీ అబ్బాయి తరఫున నిలబడతానంది."