ఎవరి తద్దినం?

కాకినాడలో ఇప్పుడు ఏ ఇంటి పొయ్యీ మనిషికి రోజుకు రెండు చెంచాలకు మించి నూనె కాగనివ్వదు. పండక్కి కూడా ఆవిరి కుడుములే. తద్దినం రోజున మాత్రం, పోయినవాళ్ళ కోసం గారెలు వండాలి కనుక, మూకుడు నిండా నూనెకు ఒప్పుకుంటుంది.

భానుమూర్తి నెల రోజులుగా ఉడికించిన ఆనపకాయ ముక్కలు, జొన్నరొట్టె బుద్ధిగా తింటున్నాడు. రక్తపోటు దిగింది. ఇవాళ మాత్రం ఉండబట్టలేక మినప్పప్పు రుబ్బి, అల్లం, పచ్చిమిర్చి కలిపి, మూకుడు పొయ్యి మీద పెట్టాడు.

"ఎవరి తద్దినమండీ?" అని అడిగింది పొయ్యి.

"మా నాన్నది."

"మాఘంలో పెట్టేశారు కదండీ."

"అయితే మా అమ్మది."

"శ్రావణంలో అయిపోయిందండీ. మీ ఆవిడగారిది కూడా పోయిన నెలలోనే అయ్యిందండీ."

"గారెల కోసం ఇంకెవర్ని చంపమంటావు?"

"పేరు చెప్పండి."

భానుమూర్తికి ఒళ్ళు మండింది. "భానుమూర్తి అని రాసుకో. నిరుడు ఇదే తిథినాడు నేనే పోయాను!"

పొయ్యి వెంటనే వెలిగింది. తొలి వాయ ఎర్రగా తేలి, ఇల్లంతా కమ్మటి వాసన కమ్మేసరికి ఆయనకు నవ్వొచ్చింది. వేడివేడి గారె ఒకటి తుంచి నోట్లో వేసుకుని, రెండో వాయ నూనెలోకి జార్చాడు.

"భానుమూర్తిగారి తద్దినానికి ఎవరెవర్ని పిలవమంటారండీ?" అంది పొయ్యి మర్యాదగా.

ఆయన చిల్లుల గరిటె పట్టుకుని ఆలోచించాడు. రెండో వాయ మాడిపోయినా ఒక్క పేరూ తట్టలేదు.