ఊళ్ళో లేనివాళ్ళు

మెట్ల మీద ఏదో దబ్బున పడ్డ చప్పుడు. వెంటనే పక్కింటి పిన్నిగారి కేక.

ఇల్లాలు ఉప్పునీళ్ళ టబ్బులోంచి కాళ్ళు లాగేసుకుని లేచింది. మొగుడు చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఎక్కడికి? సముద్రానికెళ్తున్నామని వీధంతా చాటింది నువ్వే కదా!"

అంత దూరం వెళ్ళే తాహతు లేక, ముందు గుమ్మానికి తాళం వేసి, పెరటి తలుపున లోపలికొచ్చి, కర్టెన్లు దించుకుని సెలవులు గడుపుతున్నారు. టబ్బే సముద్రం. పొద్దుట్నుంచీ పేకాడుతూ, నోరు నొక్కుకుని నవ్వుకుంటున్నారు.

"అమ్మాయ్! కాలు విరిగినట్టుందే, కదల్లేకపోతున్నా!"

"లేపి వస్తానండీ. నాకు జ్వరమొస్తే రెండు పూటలా వండి తెచ్చింది ఆవిడ."

"వెళ్ళు మరి. రేపట్నుంచి వీధిలో తలెత్తుకుని తిరగ్గలవా? ఎవరో ఒకరు వస్తార్లే."

ఆమె పెరటి తలుపు దాకా వెళ్ళింది. గడియ మీద చెయ్యి వేసింది. రేపు వీధి ఆడవాళ్ళు నవ్వబోయే నవ్వులు అప్పుడే చెవిలో మోగాయి. చెయ్యి తీసేసింది.

మూలుగులు సన్నబడ్డాక ఎప్పటికో ఎదురింటాయన పరిగెత్తుకొచ్చాడు.

"అయ్యో, ఇంతసేపూ ఎవర్నీ పిలవలేదేంటండీ?"

"మా పక్కింటమ్మాయినే పిలిచా నాయనా, అలవాటు కొద్దీ. ఊళ్ళో లేదన్న సంగతే మర్చిపోయా. ఉంటేనా, ఒక్క కేకకే పరిగెత్తుకొచ్చేది పిచ్చిపిల్ల!"

లోపల మొగుడు హమ్మయ్య అనుకుని ముక్కలు చేతిలోకి తీసుకున్నాడు.

"విన్నావా, నీ మీద ఎంత మంచి అభిప్రాయమో! రా, ఆట నీదే."

ఆమె వచ్చి కూర్చుంది. కాళ్ళు మళ్ళీ టబ్బులో పెట్టి, ముక్క వేసింది.